చెవితో చూసే అడవి



ఊళ్లో ఉన్న పార్కులో ఏం జంతువులు కనిపిస్తాయండీ, కాకులూ ఉడుతలూ తప్ప, అని చాలామంది అంటుంటారు. వాళ్లు అబద్ధమేమీ ఆడటం లేదు. వాళ్లకు నిజంగానే అవే కనిపిస్తాయి. పొదల్లో, కొమ్మల్లో బతికే ప్రాణికి మన కంట పడకుండా ఉండటమే ముఖ్యం. దాని ఒంటిరంగు, కూర్చునే తీరు, బయటికొచ్చే వేళ అన్నీ అందుకు తగ్గట్టే ఉంటాయి. అయితే ఎంత దాక్కున్నా నోరు కట్టేసుకుని మాత్రం బతకలేదు. జోడును పిలవాలి, పిల్లల్ని హెచ్చరించాలి, ఇది నా జాగా అని పక్కవాడికి చాటాలి. కాబట్టి పార్కులో ముందు వినాలి, ఆ తర్వాతే చూడాలి. ఈ విద్య రేడియో వినేవాళ్లకు కొత్తగా నేర్పాల్సిన పనిలేదు.

ఉదాహరణకు హైదరాబాద్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానాన్ని తీసుకుందాం. అంత పొడుగు పేరు ఎవరూ పలకరు. కేబీఆర్ పార్కు అంటే చాలు, ఆటో అతను బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి ఎదురుగా తెచ్చి దింపుతాడు. ఒకప్పుడు ఇదంతా ఏడో నిజాం మనవడు ముకర్రం జా చిరాన్ ప్యాలెస్ ఆవరణ. 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. 350 ఎకరాల పైచిలుకు నేల. పార్కన్నారు కదా అని కత్తిరించిన గడ్డీ పూలమళ్లూ ఊహించుకోకండి. నగరం పెరుగుతూ పెరుగుతూ మింగేయగా మిగిలిన దక్కను చిట్టడవి ముక్క ఇది. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు బండలు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు, వెదురు, వేప, తుమ్మ. నెమళ్లు, కుందేళ్లు, ముంగిసలు, ముళ్లపందులు, పునుగుపిల్లులు ఇక్కడే కాపురం ఉంటున్నాయి. చుట్టూ నాలుగు వైపులా రాత్రీ పగలూ కార్లు. మీది హైదరాబాద్ కాకపోయినా ఫర్వాలేదు. నేను చెప్పే ప్రాణుల్లో చాలా వరకు మీ ఊరి చెరువుగట్టు మీద, కాలేజీ వెనకాల తుప్పల్లో కూడా ఉంటాయి.

పొద్దున్నే ఈ పార్కుకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది డాక్టరు చెప్పాడని వచ్చినవాళ్లే. చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారం, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఆరోగ్యం కోసం నడిచేవాళ్లను నేనేమీ అనను. కానీ అడవి మధ్యకు వచ్చి చెవులు మూసుకోవడం ఏమిటో నాకు అర్థం కాదు. కనీసం ఒక చెవైనా అడవికి వదిలిపెట్టండి. రెండో చెవిలో షేర్ మార్కెట్టు వార్తలు వినండి, అభ్యంతరం లేదు.

సరే, లోపలికి వెళ్దాం. తెల్లవారుజామున మొదట వినిపించేది నెమలి. వానాకాలం ముందూ, వానలు పడేటప్పుడూ దాని కేకలు ఎక్కువ. అది జోడు కట్టే కాలం. నెమలి అంటే పురి విప్పి ఆడాలనే చాలామంది ఎదురుచూస్తారు. ఆ ఆట చూడాలన్నా ముందు కేక ఎటు నుంచి వస్తోందో పట్టుకోవాలి. జోడు కాలం అయిపోయాక మగనెమలి పింఛం ఈకలు రాల్చేస్తుంది, కేకలూ తగ్గుతాయి. చలికాలం మొదట్లో వచ్చి, తోక లేని నెమలిని చూసి ఇది ఆడదేనని తేల్చేసేవాళ్లను చాలాసార్లు చూశాను. మెడ చూడండి. నీలంగా మెరిస్తే మగది.

తర్వాత కోయిల. కుహూ అని రాగం తీసేది మగది, నల్లటి ఒళ్లు, ఎర్రటి కన్ను. ఆడకోయిల గోధుమ రంగు మీద తెల్లటి చుక్కలతో ఉంటుంది. అది కుహూ అనదు, కిక్ కిక్ కిక్ అని గబగబా అరుస్తూ కొమ్మ నుంచి కొమ్మకు పోతుంది. ఈ రెండో అరుపు కూడా కోయిలదేనని తెలిస్తే సగం పని అయినట్టే. ఆ వెంటనే కాకుల గోల వినిపిస్తే అక్కడే ఆగండి. దగ్గర్లో కాకి గూడు ఉంది, అందులో గుడ్డు పెట్టే ప్రయత్నం జరుగుతోంది. ఇంకో సంగతి. చలికాలంలో కోయిల ఉండదు, ఎక్కడికో వలస పోతుంది అనుకుంటారు. చాలా చోట్ల అది అక్కడే ఉంటుంది, కూయదంతే. అది కూయడం మానేసిందంటే మనకు ఇక లేనట్టే. చూసే ఓపిక మనకు ఎంత తక్కువో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఎండ కాస్త ఎక్కాక కంసాలి పిట్ట మొదలుపెడుతుంది. కంసాలి సుత్తితో రేకు మీద కొట్టినట్టే టుక్, టుక్, టుక్ అని తెంపు లేకుండా. పిట్ట పిచ్చుకకన్నా కాస్త పెద్దది, ఆకుపచ్చ ఒళ్లు, నుదుట ఎర్రని బొట్టు. దీన్ని వెతకడం మంచి పరీక్ష. అరుస్తూ తల అటూ ఇటూ తిప్పుతుంది కాబట్టి శబ్దం ఒకసారి దగ్గర్నుంచి, ఒకసారి దూరం నుంచి వస్తున్నట్టు ఉంటుంది. రావిచెట్టో మర్రిచెట్టో పండ్ల మీద ఉంటే పైకొమ్మల్లో ఎండిన చివర్లు చూడండి. ఎండుకొమ్మకు గుండ్రంగా తొలిచిన చిన్న కన్నం కనిపిస్తే అది దాని ఇల్లు. అందుకే ఎండిన కొమ్మ కనిపించగానే గొడ్డలి పట్టుకునేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. బతికున్న చెట్టు కన్నా ఎండుకొమ్మ మీదే ఆధారపడ్డ సంసారాలు ఎన్నో ఉన్నాయి. కంసాలి పిట్ట, వడ్రంగి పిట్ట తొలిచి వదిలేసిన కన్నాల్లోకి తర్వాత గోరింకలు, రామచిలుకలు దిగుతాయి.

నేలబారు పొదల్లోంచి ఊప్ ఊప్ ఊప్ అని లోతైన గొంతు వినిపిస్తే అది జెముడుకాకి. పేరులో కాకి ఉంది గానీ కోయిల బంధువు. ఇటుక రంగు రెక్కలు, బరువైన నడక. కోయిలల కుటుంబంలో పుట్టినా తన గూడు తనే కట్టుకుని తన పిల్లల్ని తనే పెంచుకుంటుంది. ఇక కౌజుపిట్టల జోడు అరిచిందంటే పార్కు మొత్తం మోగుతుంది. అంత గొంతున్న పక్షి కంటికి మాత్రం ఎండుగడ్డిలో గడ్డిగా కలిసిపోతుంది.

ఇప్పటిదాకా చెప్పినవి పాటలూ పిలుపులూ. నన్నడిగితే అసలు రుచి హెచ్చరికల్లో ఉంది. ఒకసారి దారి పక్కన నిలబడి ఉంటే పార్కులో పనిచేసే ఒకాయన చెయ్యి అడ్డం పెట్టి, "ఆగుండ్రి సార్, ఉడుతలు ఒర్లుతున్నయ్. గా పొదల ఏదో ఉన్నది" అన్నాడు. నాకు అప్పటిదాకా అది మామూలు ఉడుత అరుపు. ఆయనకు అది వార్త. తోక జాడిస్తూ, ఒకే చోట నిలబడి, ఒకే వైపు చూస్తూ అదేపనిగా చిక్ చిక్ చిక్ అంటోంది. కాసేపటికి పొద కింద నుంచి జెర్రిపోతు నిదానంగా దాటిపోయింది. ఉడుత ఊరికే అరవడానికీ, ఒకే వైపు చూస్తూ అరవడానికీ తేడా ఉంది. పిగిలిపిట్టలూ గోరింకలూ గుంపుకట్టి ఒకే కొమ్మ వైపు ముక్కులు తిప్పి గోల చేస్తుంటే ఆ కొమ్మ మీద ఏ పైడికంటో పగటి నిద్రలో దొరికిపోయి ఉంటుంది. చిన్నపక్షులన్నీ ఒక్కసారిగా చప్పున ఆగిపోతే మాత్రం పైకి చూడండి, శిక్రా డేగ వస్తూ ఉంటుంది. అరుపులే కాదు, అరుపులు ఆగడం కూడా కబురే.

ఈ హెచ్చరికల వ్యవస్థలో దొంగలు కూడా ఉన్నారు. పసులపోలిగాడు అని పల్లెల్లో అంటారే, నల్లగా నిగనిగలాడుతూ, తోక చివర రెండుగా చీలి, గేదెల వీపుల మీద సవారీ చేసే పిట్ట, అది శిక్రా గొంతును అనుకరిస్తుంది. పురుగు దొరికిన గోరింకలు డేగ వచ్చిందని హడలి ఎగిరిపోతే, అవి వదిలిన పురుగును ఇది తినేస్తుంది. అలాగని ఇది ఉత్త మోసగాడు కాదు. గూడు దగ్గరకు కాకి వచ్చినా డేగ వచ్చినా వెంటపడి తరిమి తరిమి కొడుతుంది. అందుకే దీని గూడు ఉన్న చెట్టు మీదే వేరే చిన్నపక్షులు కూడా గూళ్లు పెట్టుకుంటాయి.

పక్షులు సరే, నేల మీద నడిచేవాటి సంగతేమిటి? ఎండుటాకులు ఉన్నంతసేపు అక్కడా చెవే పనికొస్తుంది. గరగరమని కాస్త పరుగెత్తి ఆగి, మళ్లీ కాస్త పరుగెత్తితే అది తొండ. జోడు కాలంలో మగతొండ తల ఎర్రబారి, బండ మీద బస్కీలు తీస్తూ కనిపిస్తుంది. ఆగకుండా సన్నగా ఒకే వరుసలో సాగే చప్పుడు పాముది. ఆకుల్ని బరబరా లాగుతున్నట్టు వస్తే ఉడుము. ఆకుల్ని తిరగేస్తూ గుంపుగా కిచకిచలాడుతూ పోయేవి బూడిదరంగు పిట్టలు. ఆరేడు కలిసి తిరుగుతాయి కాబట్టి ఏడుగురు అక్కచెల్లెళ్లు అంటారు. వాటికి తోబుట్టువుల తగాదాలు కూడా ఉన్నాయి, వింటే తెలుస్తుంది. పాము చప్పుడని తెలిసినప్పుడు చేయాల్సింది ఒక్కటే, కదలకుండా నిలబడటం. అది దాని దారిన పోతుంది. ఫోన్ తీసి దగ్గరకు వెళ్లేవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు, దవాఖానా ఎదురుగానే ఉన్నా సరే.

ముళ్లపంది, పునుగుపిల్లి, అలుగు రాత్రి తిరిగే ప్రాణులు. పొద్దున నడకలో అవి కనపడతాయని ఆశ పెట్టుకోకండి. దారిలో రాలిన తెలుపు నలుపుల ముల్లు దొరికితే ముళ్లపంది రాత్రి అటుగా వెళ్లిందన్నమాట. ముల్లును చూసి అక్కడే వదిలేయండి.

కనపడని ప్రాణిని ఇలా జాడలతో కనిపెట్టడానికి మన కడప జిల్లాలో గొప్ప ఉదాహరణ ఉంది. కలివికోడి అనే పక్షి 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో శాస్త్రవేత్త భరత్ భూషణ్ రెడ్డిపల్లి దగ్గర దాన్ని మళ్లీ కనుగొన్నారు. అది అక్కడ ఉందని ఊరివాళ్లకు తెలుసు. ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రిపూట దాన్ని పట్టి చూపించాడు. ఆ తర్వాత దాన్ని వెతికిన పరిశోధకులు తుప్పల మధ్య మెత్తటి మట్టి పరిచి పాదముద్రలు పట్టారు, దాని కూతను రికార్డు చేశారు. కంటికి కనపడని పక్షికి అడుగుల గుర్తులూ గొంతూ ఆధారమయ్యాయి.

ఇక కాలాల సంగతి. అడవి క్యాలెండరు మన కార్తెల లెక్కకు దగ్గరగా నడుస్తుంది. మృగశిరలో తొలకరి పడగానే పుట్టల నుంచి ఉసిళ్లు లేస్తాయి. ఆ పూట పార్కులో పక్షులకు విందు, కాకి నుంచి పసులపోలిగాడి దాకా అందరూ గాల్లోనే భోజనం కానిస్తారు. ఆరుద్ర కార్తెలో తడిసిన ఎర్రమట్టి మీద ఆరుద్ర పురుగులు తిరుగుతాయి. ఎర్రటి మఖమల్ ఒళ్లు, ఎనిమిది కాళ్లు. పురుగన్నాం గానీ కాళ్ల లెక్క ప్రకారం సాలీడు చుట్టం. చెదలే దీని తిండి. దాన్ని అగ్గిపెట్టెలో పెట్టుకుని తిరిగిన బాల్యం మనలో చాలామందికి ఉంది. ఇప్పుడు చూడటంతో సరిపెట్టుకుందాం. తలపై జుట్టు ఉన్న నలుపు తెలుపుల చాతక పక్షి కూడా ఆ రోజుల్లోనే పియూ పియూ అంటూ దిగుతుంది. గుడ్లు మాత్రం ఇందాక చెప్పిన అక్కచెల్లెళ్ల గూళ్లలో పెట్టిపోతుంది. ఎండాకాలం చివర్లో ఉత్తరానికి పోతూ నగరపు చెట్లలో ఒకటి రెండు రోజులు ఆగే పొన్నంగి పిట్టది రెండు ముక్కల ఈల. ఎక్కువగా ఉదయం, సాయంత్రం వినిపిస్తుంది. ఒంటి మీద అన్ని రంగులున్నా ఈల వినకపోతే నీడలో ఉన్న దాన్ని కనిపెట్టలేం.

వానలు పడ్డాక ఒక్కచోట మాత్రం నా చెవి సిద్ధాంతం పనిచేయదు. సీతాకోకచిలుకలు మౌనం. వాటికి మొక్కలు తెలియాలి. జిల్లేడు ఆకు మీద నలుపు, పసుపు, తెలుపు పట్టీల గొంగళిపురుగు కనిపిస్తే అది నారింజ రంగు ప్లెయిన్ టైగర్ పిల్ల. జిల్లేడు విషం దాని ఒంట్లో చేరుతుంది, అందుకే పక్షులు దాన్ని ముట్టుకోవు. ఆ సంగతి తెలిసిన మరో జాతి సీతాకోకచిలుక ఆడది, తన ఒంట్లో విషం లేకపోయినా అచ్చు ఆ రంగు వేషమే వేసుకుని తిరుగుతుంది. తంగేడు, రేల మొక్కల చుట్టూ లేత పసుపువి, కరివేపాకు చుట్టూ నల్లరెక్కల మీద తెల్ల చుక్కలవి. పెరట్లో కరివేపాకు చెట్టు ఉన్నవాళ్లు పార్కుకు కూడా రానక్కర్లేదు.

అపశకునాల గురించి ఒక మాట. తీతువు అరిస్తే చావుకబురని మన పెద్దవాళ్లు భయపడేవాళ్లు. తీతువు గూడు కట్టదు, బట్టనేల మీద రాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. మనం అటుగా నడిస్తే గుడ్లు తొక్కుతామని గొంతు చించుకుంటుంది. ఎవరికి ఎవరు అపశకునమో మీరే చెప్పండి. దీనికి తిరగేసిన కథ పాలపిట్టది. తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరా నాడు కనిపిస్తే మేలని నమ్మకం. ఆ నమ్మకంతోనే కొన్నిచోట్ల దాన్ని పట్టి పంజరంలో పెట్టి, డబ్బు తీసుకుని చూపించేవాళ్లు తయారయ్యారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. పంజరంలో పిట్టను చూసి దండం పెడితే శుభం ఎలా వస్తుందో నాకు తెలియదు. ఊరి బయట కరెంటు తీగల మీద చూడండి, ఉచితంగా కనిపిస్తుంది.

నగరంలో పక్షులకు కూడా ఒక ఇబ్బంది ఉంది. మన హారన్ల మధ్య వాటి మాట వాటికే వినపడదు. 2003లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో పరిశోధకులు ఒక రకం పిట్టల పాటలు కొలిచారు. రొద ఎక్కువ ఉన్న వీధుల్లోవి సన్నటి స్థాయిలో పాడుతున్నాయని తేలింది. ట్రాఫిక్ రొద కింది స్థాయిలో ఉంటుంది కాబట్టి అవి పైకి జరిగాయి. 2020లో లాక్‌డౌన్ వచ్చి శాన్‌ఫ్రాన్సిస్కో వీధులు ఖాళీ అయినప్పుడు అక్కడి ఊరపిచ్చుకల వంటి పిట్టలు గొంతు తగ్గించి పాడాయి. ఆ రోజుల్లో మన ఊళ్లలోనూ ఎన్నడూ లేనన్ని పక్షులు వచ్చాయని జనం అనుకున్నారు. కొత్తవి వచ్చాయేమో గానీ, ఉన్నవి మనకు వినబడటం మాత్రం ఖాయం.

ఒకటి రెండు పనికొచ్చే సూచనలు. ఇప్పుడు కూత వినిపిస్తే పక్షి పేరు చెప్పే మెర్లిన్ అనే ఆప్ వచ్చింది. వాడండి, కానీ ముందు మీరు ఊహించి, ఆ తర్వాత దాన్ని అడగండి. లేకపోతే ఫోనుకు విద్య వస్తుంది, మనకు రాదు. రికార్డు చేసిన కూతను గట్టిగా మోగించి పక్షిని రప్పించే పని మాత్రం చేయకండి. తన జాగాలోకి శత్రువు వచ్చాడనుకుని అది తిండి మానేసి తిరుగుతుంది. నెమళ్లకు బిస్కెట్లూ, పావురాలకు గింజలూ వేయడం పుణ్యమని చాలామంది నమ్మకం. వేసవిలో నీళ్లు పెట్టడం వరకు నేనూ ఒప్పుకుంటాను. బిస్కెట్లు మాత్రం మీరే తినండి. గింజలకు మరిగి పావురాల గుంపులు పెరిగాయి, అవి వచ్చిన చోటల్లా మిగతా పక్షులకు చోటు తగ్గుతోంది.

చిన్న పుస్తకం ఒకటి జేబులో పెట్టుకోండి. తేదీ, వేళ, విన్నది, చూసినది. 1931, 32లలో సలీం అలీ హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి ఇక్కడి పక్షులను సర్వే చేశారు. ఆ రాతలు ఉన్నాయి కాబట్టే ఈ నేల మీద ఏ పక్షి ఉండేదో, ఏది తగ్గిందో ఈనాడు పోల్చి చూసుకోగలుగుతున్నాం. మీరు రాసుకున్నది ఈబర్డ్ అనే వేదికలో కూడా చేర్చవచ్చు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ప్రపంచమంతటా సామాన్యులు పక్షులను లెక్కపెడతారు. ఒకే చోట కనీసం 15 నిమిషాలు నిలబడితే చాలు. అందులో కంటితో చూసినవే రాయాలన్న నియమం లేదు. గొంతు విని గుర్తుపట్టినవి కూడా లెక్కలోకి వస్తాయి.